వాహెద్ టీవీలో వచ్చే గురువారం

“ఫజలూ, మనసుల రాసిపెట్టుకో. ఈ కరీంనగర్ జిల్లాల నా మెదడు అసొంటి మెదడు ఇంకోటి లేదు. ఆదిలాబాద్ జిల్లాల ఉన్నదేమో తెల్వదు. ఆడ అడవులెక్కువ, ఇంకా వెతకలే.”

గురువారం పొద్దున ఫజలుద్దీన్ గడియారాల దుకాణం తలుపు సగమే తెరుచుకుంది. మిగతా సగం తెరుచుకోకముందే రామేశ్వర్‌రావు ఈ ప్రకటన చేసేశాడు. వానలు వెనక్కి తగ్గి చాలా రోజులైనా ఒంటి మీద రైన్‌కోటు, నెత్తి మీద టోపీ, ముక్కులో తపకీరు పొడి. హుజూరాబాద్ బస్టాండు దగ్గర ఈ వేషం చూసి కొత్తవాళ్ళు జంకేవారు. పాతవాళ్ళు మాత్రం “పట్వారీ సాబ్, ఇయ్యాల వాన పడ్తదా?” అని అడిగేవారు.

ఆయన నిజంగానే పట్వారీ. ప్రభుత్వం ఒక్క హుకుముతో పట్వారీ పదవులన్నీ ఎత్తేసే వరకు ఊరి భూముల లెక్కలన్నిటినీ చంకలో పెట్టుకొని తిరిగిన మనిషి. ఎత్తేసిన మర్నాడు చంక ఖాళీ అయింది. కొన్నాళ్ళు అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. తర్వాత బస్టాండు పక్కన అద్దెకిచ్చే డిటెక్టివ్ నవలలు మొదలుపెట్టాడు. దుకాణంలో ఉన్నవన్నీ అయిపోయిన రోజున ఇంటి ముందు బోర్డు వేలాడింది: ‘డిటెక్టివ్ రామేశ్వర్‌రావు, మాజీ పట్వారీ. ఎంతటి చిక్కు రహస్యమైనను విప్పబడును. నేరస్థులు వెనక తలుపు నుంచి రావలెను.’

“నేరస్థులు నీ దగ్గరికి ఎందుకొస్తరు, రామేశం?” అని ఫజలుద్దీన్ అప్పుడే అడిగాడు.

“లొంగిపోనీకి. ముందటి తలుపు నుంచి వస్తే వాళ్ళ ఇజ్జత్ పోతది గద!”

ఇంతవరకు ఏ నేరస్థుడూ ఏ తలుపు నుంచీ రాలేదు. తప్పిపోయిన బర్రె కేసులో రామేశ్వర్‌రావు అనుమానితులను వరుసగా నిలబెట్టి ప్రశ్నిస్తుండగా బర్రె తనంతట తానే వచ్చి వరుసలో నిలబడింది. మాయమైన కళ్ళజోడు కేసులో ఆ కళ్ళజోడు ఆయన నుదుటి మీదే దొరికింది. రెండూ గెలిచిన కేసులే అని ఆయన లెక్క.

“నా మెదడు గురించి ఎందుకంటున్ననో అడుగు” అన్నాడిప్పుడు.

“ఎందుకంటున్నవు?”

“పోయిన వారం ‘మూడో నీడ’ల హంతకుడు తోటమాలే అని మొదటి సీన్లనే చెప్పిన. అయిండా, కాలేదా?”

“కాలే. డాక్టర్ అయిండు.”

“తోటమాలి వేషమేసుకున్న డాక్టర్, ఫజలూ! అంటె తోటమాలి ఉన్నట్టా, లేనట్టా?”

ఫజలుద్దీన్ బల్ల సొరుగు తీశాడు. అందులోంచి ఒక పాత చేతి గడియారం తీసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకొని విని, మళ్ళీ లోపల పెట్టాడు. అది అన్న వాహెద్‌ది. రోజూ దుకాణం తెరవగానే చేసే మొదటి పని ఇదే. రామేశ్వర్‌రావు అది చూశాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. లోకంలో అన్నిటి మీదా ప్రశ్నలు వేసే మనిషి ఆ గడియారం మీద మాత్రం ఒక్క ప్రశ్నా వేయలేదు.

వాహెద్ పగలు బస్సు కండక్టరు, సెలవు దొరికితే నాటకాల నటుడు. కరీంనగర్ బస్సులో ఆయన గొంతు వినబడితే కిటికీ పక్కన నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి సర్దుకునేవారు. “జర లోపటికి జరుగున్రి, గాలి ఆడనియ్యున్రి!” ఆ గొంతు విని ఎవరో హైదరాబాదు టీవీవాళ్ళకు చెప్పారు. ఎండాకాలంలో వాహెద్ అక్కడికి పోయి ‘మూడో నీడ’ డిటెక్టివ్ సీరియల్లో ఒక వారం కథకు అతిథి నటుడిగా వేషం వేసి వచ్చాడు. ఆ సీరియల్లో ప్రతి వారం ఒక అతిథి వస్తాడు. అతను చంపేవాడో, చచ్చేవాడో ఆఖరిదాకా తేలదు.

“ఏం వేషం, భాయిజాన్?” అని తమ్ముడు ఎన్నిసార్లు అడిగినా వాహెద్ మీసాల్లో నవ్వేవాడు. “టికెట్ తీసుకోకుంటె ఎట్ల చెప్త రా? గురువారం వస్తది, సూడు.”

ఆ గురువారం వచ్చేలోపే వానలొచ్చాయి. ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన వాహెద్, ఛాతీలో నొప్పి అని మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదు. వేసిన వేషం మాత్రం హైదరాబాదులో ఉండిపోయింది. ఇవాళ సాయంత్రం అది రాబోతోంది.

వాహెద్ భార్య సుల్తాన్ బీ ఆయన నాటకం ఒక్కటీ చూడలేదు. మైదానంలో మగవాళ్ళ మధ్య కూర్చొని చూసే పద్ధతి ఆ ఇంటి ఆడవాళ్ళకు లేదు. ఆయన వంటింట్లో డైలాగులు చెప్పుకుంటుంటే “చాలు తియ్యి, పప్పు మాడుతుంది” అనేది. ఇప్పుడు భర్త పోయినామె ఇల్లు కదలకుండా ఉండే ఇద్దత్ గడువు తీరింది. గడప దాటి మొదటిసారి ఆమె వస్తానన్నది ఒక్క చోటికే, వెనక తలుపు కలిసే పక్కింటికి. అక్కడ ఉపేందర్‌రావు ఇంట్లో టీవీ ఉంది.

“ఒక్కసారి చూపిస్తవా, భయ్యా?” అని మరిదిని అడిగింది. ఇన్ని నెలల్లో ఆమె అడిగింది అదొక్కటే.

“రామేశం! ఫజలుద్దీన్! ఇద్దరు ఇటు రాండ్రి!”

దుకాణం గోడవతల నుంచి పిలిచింది ఉపేందర్‌రావు తల్లి రుక్మాబాయి. కంటిలో పొర వచ్చి సరిగా కనబడకపోయినా ఇంటి పెత్తనమంతా ఆమెదే. ఇద్దరూ వెళ్ళేసరికి ఒడిలో పసుపులో తడిపిన గుడ్డ పరుచుకొని, ఆకువక్కల సంచి ఆ గుడ్డ మీద కుమ్మరించి వేళ్ళతో తడుముతోంది.

“గురువారం గురువారం ఆ సీరియల్ కాడికే కరెంటు పోతది. ఇయ్యాల పోవద్దు. సుల్తాన్ బీ పెనిమిటిని కండ్లార సూసేదాక కరెంటు ఉంచు అని ధర్మపురి నర్సింహస్వామికి ముడుపు కడుతున్న.” నాలుగు అక్షింతలు, ఒక రూపాయి బిళ్ళ అని తడుముతూనే గుడ్డ మూట కట్టి, మిగిలినవి సంచిలోకి ఊడ్చింది. “స్వామి సూపు యాడ ఉండాలె? యాంటెనా మీద ఉండాలె. పోయి గా పైపుకు కట్టు, బిడ్డా. మొక్కు తీర్చేదాక ఎవ్వరు విప్పొద్దు.”

రామేశ్వర్‌రావు డాబా ఎక్కి, పొడుగాటి ఇనుప పైపుకు ముడుపు కట్టాడు. ముక్కులో తపకీరు, చేతుల నిండా పసుపు, గట్టిగా రెండు తుమ్ములు. కేసులు లేని మనిషి కాబట్టి చిన్న పనినీ గంభీరంగా చేశాడు.

*

మధ్యాహ్నం దాటాక ఉపేందర్‌రావు భార్య నిర్మలాదేవి టీవీ తుడవబోయింది. నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ టేకు పెట్టె అది. ముందు చెక్క షట్టరు, షట్టరుకు తాళం. వాడకట్టు పిల్లలు గుండీలు తిప్పేస్తున్నారని ఆ తాళంచెవి అత్తగారి ఆకువక్కల సంచిలో ఉంటుంది.

“అత్తమ్మా, తాళంచెవి?”

సంచి మళ్ళీ కుమ్మరించారు. ఆకులు, వక్కలు, సున్నపు డబ్బా, ఒక పాత గుండీ. తాళంచెవి లేదు.

కబురు ఇల్లిల్లూ తిరిగి దుకాణానికి చేరేసరికి రామేశ్వర్‌రావు మొహం వెలిగిపోయింది. ఫజలుద్దీన్ కంటికి తగిలించుకొని పనిచేసే చిన్న భూతద్దాన్ని ఆయన కంటి నుంచే ఊడబెరికి, తన కంటికి తగిలించుకున్నాడు.

“పెద్ద ముఠా, ఫజలూ! వాహెద్ ముఖం జనానికి కనబడొద్దని ఎవడో చూస్తుండు. ఎవడు వాడు? చీకట్ల నక్కిన ఆ మూడో చెయ్యి ఎవరిది?”

“రామేశం, వదిన పొద్దున నుంచి ఏం తినలే. టీవీ తెరుచుకుంటె చాలు. ముఠా సంగతి రేపు చూద్దాం.”

రామేశ్వర్‌రావు భూతద్దం లేని కన్నుతో స్నేహితుణ్ణి చూశాడు. “అందుకే గద నేనున్నది” అన్నాడు. ఆ మాట మాత్రం నవలలో నుంచి తెచ్చింది కాదు.

ఉపేందర్‌రావు ఇంటి హాల్లో ఆయన మొదట నిర్మలాదేవిని కూర్చోబెట్టాడు.

“చెల్లె, ఇయ్యాల ఇంటినిండ జనమొస్తరు. బురద కాళ్ళతోని తొక్కుతరు. నీ మనసుల ఎక్కడనో ఒక మూల, తాళంచెవి పోతే బాగుండనిపించిందా లేదా? నిజం చెప్పు!”

“అనిపించింది.”

రామేశ్వర్‌రావు ఎగిరి నిలబడ్డాడు. “నేరం ఒప్పుకున్నది!”

“వారం వారం అనిపిస్తది అన్నయ్యా. ఇయ్యాల అనిపించలే. పొద్దున నుంచి చాయ్‌కి పాలు దాచిపెట్టిన, వచ్చినోళ్ళకందరికి. ఇంక లేస్తనా? పొయ్యి మీద కాగుతున్నయి.”

తర్వాత పనికి వచ్చే కిష్టవ్వ. ఆమె నడుం మీద చేతులు పెట్టుకొని ఆయన్నే కూర్చోమంది.

“అడుగున్రి, పట్వారీ సాబ్. కళ్ళజోడు నెత్తి మీదున్నదో లేదో సూసుకొని అడుగున్రి.”

“పొద్దున హాలు ఊడ్చింది ఎవరు?”

“నేనే.”

“అప్పుడు అనుమానంగ ఏమన్న కనబడ్డదా?”

“కనబడ్డది. రైన్‌కోటు ఏసుకొని ఒకడు హాలు నడుమకెల్లి నడిచి మెట్లెక్కిండు. నేను ఊడ్చిన కాడల్లా చెప్పుల మట్టి.”

“ఎట్లున్నడు వాడు?”

“మీ లెక్కనే ఉన్నడు.”

“నా వేషం వేసుకొచ్చిండన్నమాట!” రామేశ్వర్‌రావు భూతద్దం సర్దుకున్నాడు. “ఎంత తెలివి! ఫజలూ, విన్నవా? శత్రువు మామూలోడు కాదు!”

ఫజలుద్దీన్ ఇదంతా ఒక చెవితో వింటూ టీవీ ముందు గొంతుకూర్చున్నాడు. గడియారాల చిన్న స్క్రూడ్రైవరు తాళంలో పెట్టి తిప్పి చూశాడు. అది సూదిలా వంగింది. ఇంకోటి పెట్టాడు. అదీ వంగింది. లోపలి గది తలుపు తెర వెనక సుల్తాన్ బీ వచ్చి కూర్చున్న అలికిడి అతనికి తెలుస్తూనే ఉంది. అటు తిరగలేదు.

ఉపేందర్‌రావు సుత్తి తెచ్చాడు. పెద్దగా మాట్లాడని మనిషి. “తప్పుకో, ఫజలుద్దీన్ భాయ్. ఒక్క దెబ్బ.”

“ఇగో, ఆగున్రి!” నిర్మలాదేవి పాల గిన్నెతో సహా పరుగెత్తుకొచ్చింది. “ఎనకనే గాజున్నది. గాజు పగిల్తె ఇంక చూసేదేముంటది? వడ్ల ముత్తయ్యను పిలువున్రి, వడ్రంగి చెయ్యి, మెల్లగ తీస్తడు.”

“ముత్తయ్య జమ్మికుంట పోయిండు, పెండ్లికి” అన్నాడు ఉపేందర్‌రావు.

“సుత్తి దింపున్రి!” రామేశ్వర్‌రావు మెట్ల మీద నుంచి అరిచాడు. మోకాళ్ళ మీద పాకుతూ, భూతద్దం మెట్టుమెట్టుకూ ఆనించి చూస్తున్నాడు. “దెబ్బ పడ్తె ఆధారాలు చెరుగుతయి. కేసు అయిపోయింది. నేరస్థుడు దొరికిండు!”

అందరూ అటు తిరిగారు. తలుపు తెర కొంచెం కదిలింది.

రామేశ్వర్‌రావు లేచి, కోటు దులుపుకొని, గదిలో అటూ ఇటూ నడిచాడు. “వినున్రి. డాబా తలుపు మీద పసుపు చేతిముద్రలున్నయి. సరిగ్గ నా భుజమంత ఎత్తుల. అంటె నేరస్థుడు పొట్టి. మెట్ల మీద నల్ల పొడి రాలింది. వాసన చూసిన, తపకీరు. అంటె వాడికి తపకీరు అలవాటున్నది. చెప్పుల అచ్చు చూసిన, ఎడమ చెప్పు మడిమ అరిగింది. ఎడమ కాలు ఈడ్చి నడుస్తడు. ఇగ అన్నిటికన్న ముఖ్యం, ఈ ఇంట్ల ధైర్యంగ తిరుగుతడు, ఎవ్వరు ఏమనరు. మర్యాదస్థుని లెక్క కనబడ్తడు. లోపల మాత్రం పరమ మోసగాడు!”

ఎడమ కాలు ఈడ్చుకుంటూ కిటికీ దాకా వెళ్ళి, ఒక చిటికెడు తపకీరు పీల్చి, అందరి వైపూ తిరిగాడు. “గిట్లాంటోడు ఊర్లె ఎవడున్నడు?”

అందరూ ఆయన్నే చూస్తున్నారు.

“ఒక్కడే ఉన్నడు” అంది కిష్టవ్వ.

“పేరు చెప్పు!”

“పెద్దోళ్ళ పేరు నా నోట ఎందుకు? గోడకు అద్దమున్నది, పోయి సూసుకోండ్రి.”

రామేశ్వర్‌రావు ఒక్క అంగలో అద్దం దగ్గరికి వెళ్ళాడు. దాన్ని మేకు నుంచి దించి, వెనక్కి తిప్పి, అట్ట అంతా భూతద్దంతో వెతికాడు. “ఏం లేదే!”

“రామేశం,” ఫజలుద్దీన్ నీరసంగా అన్నాడు, “పొద్దున పసుపు చేతులతోని డాబా ఎక్కింది నువ్వే గద. ముడుపు కట్టనీకి.”

“అవు. అందుకే నన్ను అనుమానితుల నుంచి తీసేసిన. నేనెందుకు ఎక్కిన్నో నాకు తెల్సు గద! ఇప్పుడు మిగిలింది వాడొక్కడే. నేరస్థుడు నేరం చేసిన చోటికి తప్పక వాపస్ వస్తడు. ప్రతి పుస్తకంల వస్తడు. డాబా మీద వాడి కోసం నేనుంట.”

ఆయన డిటెక్టివ్ జీవితంలో చేసిన ఒకే ఒక్క నిఖార్సైన పరిశోధన అది. అక్షరం తప్పు పోలేదు. నమ్మనివాళ్ళలో ఆయన మొదటివాడు.

దీపాలు పెట్టే వేళైంది. హాలు నిండిపోయింది. గడపలో, కిటికీల్లో, వాకిట్లో మనుషులు. వాహెద్ బస్సులో రోజూ పోయినవాళ్ళు, చిల్లర బాకీ పడ్డవాళ్ళు, తిట్లు తిన్నవాళ్ళు. అందరూ మూసి ఉన్న టేకు పెట్టెను దేవుడి గుడి తలుపును చూసినట్టు చూస్తున్నారు. కరెంటు మాత్రం బల్బులో నిండుగా వెలుగుతోంది.

“స్వామి తన మాట నిలబెట్టుకున్నడు” అంది రుక్మాబాయి దిగులుగా. “మనకే సూసే రాత లేకపాయె.”

తెర వెనక నుంచి సుల్తాన్ బీ గొంతు వచ్చింది. మెల్లగా, మామూలుగా. “పోనీ భయ్యా. సుత్తితోని కొట్టకున్రి, ఆళ్ళ సామాను కరాబైతది. నా నసీబ్‌ల లేదు. నేను ఇంటికి పోతున్న.”

ఫజలుద్దీన్ వంగిన స్క్రూడ్రైవర్లను జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు మళ్ళీ తీశాడు. వాటిని ఏం చేయాలో అతనికి తోచలేదు.

“జర కూసో, సుల్తాన్ బీ” అన్నాడు ఉపేందర్‌రావు. ఆ రోజు ఆయన మాట్లాడిన పొడుగాటి మాట ఇదే: “పైన బర్సాతీ అర్రల పాత ఇనుప సామాన్లున్నయి. చిన్న కడ్డీ ఏదన్న దొరుకుతదేమో, తాళం కిందికెల్లి లేపి సూస్త.”

ఆయన డాబా మెట్లెక్కాడు. మసక చీకట్లో, చేతిలో సుత్తితో, మెల్లగా, చప్పుడు కాకుండా.

నీళ్ళ తొట్టి వెనక నక్కి ఉన్న రామేశ్వర్‌రావుకు జీవితంలో ఒక్కసారే వచ్చే క్షణం వచ్చింది.

“దొరికినవ్ రా, దుర్మార్గుడా!”

ఉపేందర్‌రావు ఒక మనిషి మీద పడితే కింద పడే రకం కాదు, ఎత్తుగా బలంగా ఉంటాడు. ఆయన పక్కకు జరిగాడు, అంతే. గాలిలోకి లేచిన రామేశ్వర్‌రావు రైన్‌కోటు రెక్కలు విప్పుకొని నేరుగా యాంటెనా పైపును కౌగిలించుకున్నాడు. పైపు మొదట్లో బిగించిన పట్టీ పటుక్కున ఊడింది. పైపు ఆయనతో సహా కరీంనగర్ వైపు నుంచి వరంగల్ వైపు తిరిగి, మళ్ళీ కరీంనగర్ వైపు వచ్చి, పిట్టగోడకు కొట్టుకుంది. పైన కట్టిన ముడుపు తెగి, డాబా దాటి, పెరట్లో కిష్టవ్వ తోముతున్న ఇత్తడి గంగాళంలో పడింది.

“టంగ్!”

“ఓ అవ్వా! పైనుంచి ఏందో పడ్డది!” కిష్టవ్వ కేక ఇంటిల్లిపాదికీ వినబడింది. గుడ్డ పిగిలిపోయి ఉంది. పసుపు నీళ్ళలో అక్షింతలు తేలుతున్నాయి. అడుగున ఒక రూపాయి బిళ్ళ. దాని పక్కనే చిన్న తాళంచెవి.

రుక్మాబాయి దాన్ని అరచేతిలో పెట్టించుకొని తడిమి చూసింది. పొద్దున సంచి కుమ్మరించి రూపాయిని తడిమి తీసినప్పుడు, దాన్ని అంటుకొని ఇదీ మూటలోకి పోయింది. సీరియల్ కోసం కట్టిన ముడుపులోనే సీరియల్ తాళం. ఆమె పైకి చూసి రెండు చేతులూ జోడించింది.

“నర్సింహస్వామీ, నీకు రూపాయి ఇస్తనన్న గని తాళంచెవి ఇస్తనన్ననా? నువ్వన్న చెప్పొద్దా, తండ్రీ?” అని, తాళంచెవి ఫజలుద్దీన్ చేతిలో పెట్టింది. “వాపస్ ఇచ్చిండు. తియ్యి, బిడ్డా, జల్ది తియ్యి!”

తాళం తిరిగింది. షట్టరు జరిగింది. గుండీ నొక్కితే టీవీ వేడెక్కి, వెలిగి, తెర నిండా మంచు కురిసింది. మంచు తప్ప ఏమీ లేదు.

“రామేశం! పైపు!”

“పట్టుకున్న!” డాబా మీద నుంచి మూలుగు. “పట్టీ ఊడింది. వదిలితె పడ్తది!”

“వదలకు! జర కరీంనగర్ దిక్కు తిప్పు!”

“వచ్చిందా?”

“రాలే!”

“ఇప్పుడు?”

“బొమ్మ వచ్చింది, మాట రాలే. ఇంక జర... ఆ! వచ్చింది! గట్లనే ఉండు. కదలకు. ఊపిరి గూడ మెల్లగ తీసుకో!”

మెట్ల మీద నిలబడి మాట అందించే పని ఉపేందర్‌రావుది. ఒక్క వారం కూడా ‘మూడో నీడ’ తప్పని డిటెక్టివ్ రామేశ్వర్‌రావు, ఇనుప పైపును రెండు చేతులా హత్తుకొని, తన నెత్తి మీద నుంచి కథంతా కిందికి పోతుంటే, నక్షత్రాల కింద నిలబడిపోయాడు.

*

కింద కథ మొదలైంది. ఒక పెద్ద బంగళా. మంచం మీద జమీందారు బోర్లా పడి ఉన్నాడు. నౌకరు గ్లాసు జారవిడిచి కేక పెట్టాడు. ఎవరో వచ్చి జమీందారును వెల్లకిలా తిప్పారు.

వాహెద్.

హాల్లో అందరూ ముందుకు వంగారు. ఫజలుద్దీన్‌కు అన్న మొహం చూసిన ఆనందం సగంలోనే ఆగిపోయింది. వేషం ఇదా! కళ్ళు మూసుకొని, చేతులు పక్కకు వేసి, సరిగ్గా ఆ సాయంత్రం మంచం మీద ఉన్నట్టే. ఎవరో తెల్లటి దుప్పటి తెచ్చి మొహం మీదికి లాగారు. ఇది చూపించడానికా వదినను గడప దాటించింది? లేచి గుండీ నొక్కేయాలనుకున్నాడు. లోపలి గది తలుపు తెర వైపు చూశాడు. అంచు పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనబడింది. ఆ చెయ్యి కదలలేదు. అతనూ కదలలేదు.

సీరియల్ డిటెక్టివ్ విహారి వచ్చాడు. పుస్తకంలో మాటల్లా ఒక్కొక్క మాటా తూచి మాట్లాడాడు. అల్లుణ్ణి అడిగాడు, తమ్ముణ్ణి అడిగాడు, వంటమనిషిని అడిగాడు. మధ్యమధ్య దుప్పటి కింద ఉన్న మనిషిని చూపించారు.

“ఏమైతుంది?” పైనుంచి కేక. “చచ్చింది ఎవరు?”

ఉపేందర్‌రావు మెట్ల మీదే తల దించుకున్నాడు.

“అల్లుడే! రాసిపెట్టుకోన్రి, అల్లుడే హంతకుడు! ఎవరన్న జర చెప్పున్రి!”

ఆఖరి సీను. బంధువులందరూ మంచం చుట్టూ మూగారు. విహారి గొంతు సవరించుకొని, “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు” అన్నాడు. ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. అప్పుడు దుప్పటి కదిలింది. అంచు కిందికి జారింది. చచ్చిపోయాడని అందరూ అనుకున్న మనిషి లేచి కూర్చొని, చుట్టూ మూగినవాళ్ళను కోపంగా చూసి, అంతవరకు ఆ సీరియల్లో ఎవరూ మాట్లాడని యాసలో, బస్సు చివరి సీటు దాకా వినబడే గొంతుతో అన్నాడు:

“జర జరుగున్రి, గాలి ఆడనియ్యున్రి!”

హాలు నవ్వుతో పేలిపోయింది. ముందు వరుసలోవాళ్ళు అలవాటు చొప్పున నిజంగానే జరిగారు. ఎవరో ఈల వేశారు. కిష్టవ్వ తడి చేతులతోనే చప్పట్లు కొట్టింది. తెరలో వాహెద్ మంచం దిగి, తన ఆస్తి కోసం ఎవరెవరు ఏమేం చేస్తారో చూద్దామని చచ్చినట్టు పడుకున్నానని, ఇక చూసింది చాలని అందరికీ లెక్క చెబుతున్నాడు. మీసాల్లో అదే నవ్వు.

ఆ గోలలో ఇంకో నవ్వు వినబడింది. ఫజలుద్దీన్ తల తిప్పాడు. తలుపు తెర పక్కకు జరిగి ఉంది. సుల్తాన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా నవ్వు ఆగడం లేదు.

“ఆ మాట ఆళ్ళు రాసియ్యలే, భయ్యా” అంది. “ఆయన సొంతంగ కలిపిండు. నాకెర్కలేదా!”

“ఓ ఉపేందర్‌రావ్!” డాబా మీద నుంచి గొంతు ఇప్పుడు ఏడుపుకు దగ్గరగా ఉంది. “చేతులు గుంజుతున్నయి! ఎందుకు నవ్వుతున్నరు? నీ కాళ్ళు మొక్కాల్నా? ఎవరు చంపిండ్రో ఒక్క మాట చెప్పున్రి!”

ఉపేందర్‌రావు నోరు తెరిచేలోపు సుల్తాన్ బీ లేచింది. మగవాళ్ళ మధ్య నుంచి, కొంగు సరిచేసుకుంటూ, మెట్ల మొదట్లోకి వచ్చి నిలబడింది. ఆ వాడకట్టులో ఆమె గొంతు పెద్దగా విన్నవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు.

“ఎవరు సావలే, రామేశన్నా!” అని అరిచింది. “ఎవరు సావలే!”

పైనుంచి ఒక తుమ్ము వినబడింది.

“నేను ముందే కనిపెట్టిన!” అన్నాడు రామేశ్వర్‌రావు.

“అవునన్నా, నువ్వే కనిపెట్టినవు. ఇంక జర సేపు గట్లనే పట్టుకో. పేర్లు పడుతున్నయి.”

“పడనియ్యి, చెల్లె. తెల్లారేదాక పట్టుకుంట.”

తెర మీద తెల్లటి అక్షరాలు కింది నుంచి పైకి ఎక్కుతున్నాయి. సుల్తాన్ బీకి తెలుగు చదవడం రాదు. ఆమె మరిది పక్కకు వచ్చి నిలబడింది. “అతిథి నటుడు” అని ఫజలుద్దీన్ పైకే చదివాడు. “వాహెద్. హుజూరాబాద్.”

బొమ్మ వణకలేదు. కరెంటు పోలేదు. ఆ పేరు పైకి ఎక్కి పూర్తిగా కనుమరుగయ్యేదాకా డాబా మీద పైపు కూడా కదలలేదు.